సగం చుట్టు

సోమవారం, ఉదయం ఆరున్నర.
గ్రీజు పట్టిన కడ్డీ పట్టుకుని
టర్బైన్ మెడ దగ్గరికి వెళ్తాను.
ఇరుసు మీద సుద్దగీత పైనుంటే కిందికి,
కిందుంటే పైకి.
సగం చుట్టు. అంతే.
నా జీతంలో కొంత ఇప్పుడు దీనికే.

ఇరవై రెండేళ్ళు ఇది
నిమిషానికి మూడువేల ఆరువందలసార్లు తిరిగింది.
మెయిన్ అడవుల్లో, నవంబరుకే నది గట్టిపడే ఊళ్ళో,
ఎల్జియర్ లారీలో తెచ్చిన తడి బెరడు,
రంపప్పొట్టు, ఎవరికీ అక్కర్లేని కొమ్మల ముక్కలు
బాయిలర్ నోట్లో పోస్తే
ఆవిరి ముందు చక్రం తిప్పేది.
తిప్పాక మిగిలిన ఎంగిలి వేడితోనే
మిల్లులో కాగితమంతా ఆరేది.
ఒక్క మంట, రెండు కాన్పులు.
బంగాళాదుంపలు ఉడికిన నీళ్ళు కూడా
పారబొయ్యని మా అమ్మ లెక్క అది.

కరెంటు కంపెనీ మా దగ్గర కొనితీరాలని పాత చట్టం.
ముద్ర వేసిన ఒప్పందం, ముందే రాసిన ధర.
తర్వాత రాజధానిలో ఎవరో తలుపులు బార్లా తీశారు.
ఇక ఎవరైనా అమ్మొచ్చు, ఎవరి దగ్గరైనా కొనొచ్చు.
భోజనాల వేళకి ఫోన్లు మొదలయ్యాయి,
మా కరెంటు తీసుకోండి, మొదటి నెల సగం ధర అంటూ.
ఆర్మెలిన్ ఫోను భుజానికి నొక్కిపెట్టి
సూప్ కలుపుతూ అడిగింది:
"మీది వేస్తే బల్బు వేరే రంగులో వెలుగుతుందా, బాబూ?"

మిల్లుకి వార్డ్ అనే కుర్రాడొచ్చాడు.
బూట్లకి మంచు అంటకుండా నడిచాడు.
తెర మీద గంటగంటకీ ఎగిరి పడే గీత చూపించి
"రాత్రి మూడింటికి మీ కరెంటు దండగ,
సాయంత్రం ఆరింటికి బంగారం.
సాయంత్రాలు మాత్రమే తిప్పితే?" అన్నాడు.
కాగితానికి గడియారం తెలియదన్నాను.
తడిగా వస్తుంది, ఆరాలి,
మూడింటికైనా, ముప్పావు తక్కువ మూడింటికైనా.
అతను ఏదో రాసుకున్నాడు.
ఏం రాశాడో నాకు కనబడలేదు.

నిజం చెప్పాలి. ఆ పాత ధర ఎక్కువే.
మా చెల్లెలు ఇర్మా రొట్టెల కొట్టు
ఆ బిల్లులకే మూతబడింది.
అందుకే కోపం ఎవరి మీద పెట్టుకోవాలో
ఇప్పటికీ తేలదు నాకు.

కరెంటు కంపెనీ మా ఒప్పందాన్ని కొనేసింది.
ఇచ్చినందుకు కాదు,
ఇవ్వకుండా ఊరుకున్నందుకు చెక్కు.
మా నాన్న బతికుంటే
దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి
ఇందులో మెలిక ఎక్కడుందిరా అనేవాడు.
చెక్కు ఎలాగూ మా ఊరు రాలేదు,
యజమానులున్న ఊరికి వెళ్ళింది.

ఆ రాత్రి డ్యూటీ నాదే.
టర్బైన్‌కి వెళ్ళే దారి మూసి
పక్కదారి వాల్వు నేనే తెరిచాను.
కాగితానికి ఆవిరి కావాలి, అంత ఒత్తిడి అక్కర్లేదు.
తగ్గాలి కదా, అరుస్తూ తగ్గింది.
నిన్నటిదాకా నాలుగు ఊళ్ళ దీపాలయింది
వట్టి అరుపైపోయింది.
చెవుల్లో దూది పెట్టుకున్నా
పళ్ళలో వినిపించింది.

మోటార్లకి కరెంటు ఇప్పుడు బయటినుంచి కొంటున్నాం.
అదే తీగ.
ఎల్జియర్ లారీ వారానికి రెండుసార్లే వస్తుంది,
దిగకుండానే చెయ్యి ఊపి పోతాడు.

టర్బైన్ మాత్రం అమ్మలేదు.
ధర మళ్ళీ పెరుగుతుందేమో, ఎవరు చెప్పొచ్చారు?
ఒకేచోట పడుంటే ఇనుము కూడా
తన బరువుకే నడుము వంచుతుంది.
అందుకని వారానికోసారి ఈ కడ్డీ,
ఈ సగం చుట్టు.

ఇవాళ గీత పైనుంది.
కిందికి తిప్పాను.
సుద్ద వెలిసిపోతోంది.
మోకాళ్ళ మీద కూర్చుని
మళ్ళీ గీశాను,
ఈసారి కొంచెం మందంగా.